బోదకాలు మాత్ర ఇచ్చిన యల్లాప్రగడ సుబ్బారావు గారు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం రాయమని కార్యదర్శి గారు అడిగారు. నాయకులను గురించి, కవులను గురించి చక్కగా రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను ఆరోగ్య శాఖలో చిన్న ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. తెనాలి, బాపట్ల, రేపల్లె ఊళ్లలో ఏళ్ల తరబడి రాత్రిపూట ఇంటింటికీ తిరిగి, జనం వేలు గుచ్చి రక్తం తీయడం నా పని. ఆ రోజుల్లో నా సంచిలో ఎప్పుడూ ఉండే మాత్ర హెట్రాజాన్. దాన్ని ప్రపంచానికి అందించిన పరిశోధన బృందానికి పెద్ద మన భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారు. నాకు అన్నం పెట్టిన పనికి మూలపురుషుడు కనుక ఆయనను గురించే రాస్తాను.

ఇప్పటి పిల్లలకు బోదకాలు అంటే తెలియదు. మన తరంవారికి చెప్పనక్కరలేదు. కృష్ణా పశ్చిమ డెల్టాలో, మూడు కాలువల తెనాలిలో, సముద్రం దగ్గరి బాపట్లలో, రైలు మార్గం ఆగిపోయే రేపల్లెలో, మురుగు నిలిచిన ప్రతి చోటా క్యూలెక్స్ దోమ పెరిగేది. ఆ దోమ కుట్టినప్పుడు దారంలాంటి పురుగు శరీరంలో చేరి, లింఫు నాళాల్లో సంవత్సరాల తరబడి కాపురం ఉంటుంది. ఆడ పురుగు కంటికి కనపడని పిల్లలను లక్షల్లో కంటుంది. వాటినే మైక్రోఫైలేరియా అంటారు. చిత్రమేమిటంటే ఆ పిల్లలు పగలంతా ఊపిరితిత్తుల్లో దాక్కుని, రాత్రి దోమ కుట్టే వేళకు చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి. అందుకే మేము రాత్రి ఎనిమిదిన్నర దాటాక బయలుదేరి అర్ధరాత్రి వరకు తిరిగేవాళ్లం. గాజు పలకపై రక్తపు చుక్కను మందంగా రాసి ఆరబెట్టి, మర్నాడు నీళ్లతో ఎర్రదనం పోగొట్టి, రంగు వేసి మైక్రోస్కోపు కింద చూసేవాళ్లం. కాలు ఏమాత్రం వాయని, ఆరోగ్యంగా కనపడే కుర్రవాడి రక్తంలో ఆ వంకర పురుగులు పది పన్నెండు కనపడిన రోజులున్నాయి.

ఇక సుబ్బారావు గారి కథకు వస్తాను. ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం గారు రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి, అనారోగ్యం వల్ల ముందే పని మానుకున్నవారు. తల్లి వెంకమ్మ గారు. ఏడుగురు సంతానంలో ఈయన నాలుగోవాడు. చదువు మీద పెద్ద శ్రద్ధ ఉండేది కాదు. పదమూడేళ్ల వయసులో కాశీకి పోయి యాత్రికులకు అరటిపళ్లు అమ్మి డబ్బు గడించాలని ఇంట్లోంచి బయలుదేరితే తల్లి వెనక్కు రప్పించిందని చెబుతారు. మెట్రిక్యులేషన్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. అది కూడా మద్రాసు హిందూ హైస్కూలులో. మనవలు ఒకసారి ఫెయిలైతే ఇల్లంతా విషాదంలో మునిగే ఈ రోజుల్లో తాతలు ఈ సంగతి గుర్తు చేస్తే మంచిదే.

ప్రెసిడెన్సీ కాలేజీలో ఇంటర్ చదివే రోజుల్లో రామకృష్ణ మిషన్ ప్రభావం ఆయనపై పడింది. సన్యాసం పుచ్చుకోవాలనుకున్నారు. తల్లి ఒప్పుకోలేదు. రోగులకు సేవ చేయడానికైనా వైద్యం నేర్చుకోవచ్చని మద్రాసు మెడికల్ కాలేజీలో చేరారు. మిత్రుల సాయంతోను, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తి గారి సాయంతోను చదువు సాగింది. 1919లో శేషగిరి గారితో వివాహమైంది. అవి స్వాతంత్ర్యోద్యమపు రోజులు. సుబ్బారావు గారు శస్త్రచికిత్స తరగతికి ఖద్దరు కోటుతో వెళితే ఆంగ్లేయ ఆచార్యునికి కంటగింపైంది. రాత పరీక్షల్లో బాగా రాసినా ఎం.బి.బి.ఎస్. పట్టా దక్కలేదు, దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. ఇచ్చి పంపారు. సర్కారు వైద్య శాఖలో ప్రవేశం దొరక్క ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రం బోధించారు.

ఆ కాలంలోనే ఆ ఇంటిమీద పిడుగు పడింది. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే వ్యాధితో వారం పది రోజుల తేడాతో పోయారు. స్ప్రూ అంటే తిన్నది ఒంటికి పట్టకుండా, విడవని విరేచనాలతో, రక్తం క్షీణించి మనిషి ఎండిపోయే జబ్బు. సుబ్బారావు గారికి కూడా సోకింది. లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో తేరుకున్నారు. బాగా చదివిన ఇంగ్లీషు వైద్యానికి తన తోబుట్టువుల జబ్బుకు కారణం కూడా తెలియకపోవడం ఆయన మనసులో నాటుకుంది. ఆ తరువాత ఆయన పట్టుకున్న పనులు చూస్తే నాకు అలాగే తోస్తుంది.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతో ఓడెక్కి 1922 అక్టోబరులో అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డులో ఉష్ణమండల వ్యాధుల కోర్సులో చేరారు. చేతిలో డబ్బు లేదు. ఆసుపత్రిలో రాత్రిపూట రోగుల మలమూత్రపు పాత్రలు కడిగి పొట్టపోసుకున్నారు. ఆయన బయలుదేరిన తరువాత ఇక్కడ కొడుకు పుట్టి, పసితనంలోనే ఎరిసిపెలాస్ అనే చర్మవ్యాధితో పోయాడు. అది కూడా క్రిముల వల్ల వచ్చేదే. రెండు మూడేళ్లలో వస్తానని భార్యకు చెప్పి వెళ్లిన మనిషి మళ్లీ మన దేశపు నేల తొక్కలేదు. ఈ సంగతి రాస్తుంటే నాకు శేషగిరి గారే ఎక్కువగా గుర్తొస్తారు. శాస్త్రం పుస్తకాల్లో ఆమెను గురించి ఒక్క పంక్తికి మించి ఉండదు.

హార్వర్డులో సైరస్ ఫిస్కే అనే ఆచార్యునితో కలిసి పనిచేశారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. మీ ఇళ్లలో మెడిసిన్ చదివిన పిల్లలుంటే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ఏమిటని అడిగి చూడండి. 1927లో కండరంలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఎ.టి.పి.ని కనుగొన్నారు. ఎ.టి.పి.ని అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా వేరుగా కనుగొన్నాడు. మనం చెయ్యి ఎత్తినా కన్ను ఆర్పినా శక్తి దానినుంచే. ఇంత చేసినా హార్వర్డులో ఆయనకు స్థిరమైన ఉద్యోగం రాలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీ ప్రయోగశాలకు వెళ్లారు. కొద్దికాలంలోనే పరిశోధన శాఖకు డైరెక్టరయ్యారు. ఆయన బతికిన చివరి ఎనిమిదేళ్లలో జరిగిన పని మామూలు మనిషి ఎనభై ఏళ్లలో కూడా చేయలేడు.

మొదటిది ఫోలిక్ యాసిడ్. లూసీ విల్స్ అనే ఆంగ్లేయ వైద్యురాలు 1930 ప్రాంతంలో బొంబాయిలో మిల్లు కార్మిక గర్భిణుల రక్తహీనతను పరిశీలించి, కోతులపై ప్రయోగాలు చేసి, ఈస్టులోను లివర్‌లోను ఏదో తెలియని పదార్థం ఉందని తేల్చింది. కోడిపిల్లలకు ఆ పదార్థం లేని మేత పెడితే రక్తం క్షీణించేది. సుబ్బారావు గారి బృందం ఆ పదార్థాన్ని లివర్ నుంచి వేరుచేసి, 1945లో ప్రయోగశాలలో తయారుచేసింది. ఆ వెంటనే టామ్ స్పైస్ అనే వైద్యుడు దాన్ని స్ప్రూ రోగులకు ఇచ్చి చూశాడు. మంచం పట్టినవారు ఆకలి పుట్టి, రక్తం పట్టి లేచారు. తన ఇద్దరు సోదరులను తీసుకుపోయిన జబ్బుకు తన ప్రయోగశాలలోంచే మందు వచ్చింది. ఇరవై ఏళ్లు ఆలస్యంగా వచ్చింది. దాని ఉపశాఖగా వచ్చిన అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లలకు కొన్నాళ్లయినా ఊరట కలిగించాడు. కాన్సరుకు మందులతో చికిత్స చేసే పద్ధతికి అది ఒక తొలిమెట్టు.

ఇక మన ఊళ్లకు సంబంధించిన అసలు సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ ద్వీపాలకు వెళ్లిన అమెరికా సైనికులు వేలమంది ఫైలేరియా బారిన పడ్డారు. మనవాళ్లు వేల ఏళ్లుగా పడుతున్న బాధ వారి సైనికులకు వచ్చాక మందు కోసం వెతుకులాట జోరందుకుంది. లోకరీతి అంతే మరి. అప్పటికి ఉన్నవి ఆంటిమొనీ, ఆర్సెనిక్ కలిసిన విషపు సూదిమందులు. పురుగు చచ్చేలోగా మనిషికే ప్రమాదం.

లెడర్లీలో రెజినాల్డ్ హ్యూయిట్, శామ్యూల్ కుష్నర్ మొదలైనవారు సుబ్బారావు గారి నాయకత్వంలో ఈ పని చేపట్టారు. మనిషి ఫైలేరియా పురుగు ఎలుకలో బతకదు. అందుకని వారు కాటన్ రాట్ అనే అడవి ఎలుకను తీసుకున్నారు. అమెరికా దక్షిణ రాష్ట్రాల పొలాల్లో తిరిగే ఆ ఎలుకకు దాని సొంత ఫైలేరియా ఉంది. పెద్ద పురుగులు ఛాతీ లోపలి పొరల మధ్య ఉంటాయి, పిల్లలు రక్తంలో తిరుగుతాయి. మనిషికి దోమ ఎలాగో దానికి ఒక పిడుదులాంటి చిన్న జీవి, మైట్ అంటారు, అది వ్యాధిని మోస్తుంది. ఎలుకతో పాటు గుండెలో పురుగులున్న కుక్కలను కూడా తీసుకున్నారు. సహజంగా జబ్బు పట్టిన జంతువులనే ఎంచుకుని, రక్తంలో పురుగులను లెక్కపెట్టడం, మందు ఇవ్వడం, మళ్లీ లెక్కపెట్టడం. నేను తెనాలిలో చేసిన పని కూడా అదే కదా, మనుషుల మీద! ఒక రసాయనం తరువాత ఒక రసాయనం చూసుకుంటూ పోగా పైపరజీన్ కుటుంబంలోని డైఇథైల్‌కార్బమజీన్ దగ్గర ఆగారు. అది ఇచ్చిన జంతువుల రక్తంలో పిల్ల పురుగులు మాయమయ్యాయి. దానికే హెట్రాజాన్ అని పేరు పెట్టి 1947లో ఫలితాలు ప్రకటించారు. అదే ఏడు ప్యూర్టోరికో ద్వీపంలో మనిషి ఫైలేరియా రోగులకు ఇచ్చి చూశారు. అక్కడా పనిచేసింది. నోటితో మింగే మాత్ర, సూది అక్కరలేదు.

ఇందులో ఒక విశేషం ఉంది. మన శాఖలో పనిచేసినవారికి కూడా చాలామందికి ఇది తెలియదు. ఈ మందును గాజు గిన్నెలో బతికున్న పిల్ల పురుగుల మీద పోస్తే అవి చావవు. హాయిగా ఈదుతూ ఉంటాయి. అంటే హెట్రాజాన్‌ను గిన్నెలో పరీక్షించి తేల్చేవారెవరైనా ఉండి ఉంటే పనికిరాదని మూలన పడేసేవారు. బతికున్న ఎలుకలో పరీక్షించారు కనుకనే దాని గుణం బయటపడింది. ఎందుకలా? లండన్‌లో ఫ్రాంక్ హాకింగ్ అనే శాస్త్రవేత్త, తరువాత ప్రపంచ ప్రసిద్ధుడైన స్టీఫెన్ హాకింగ్‌కు తండ్రి, 1950 నాటికి దీని గుట్టు కొంత విప్పాడు. మందు పడిన కొద్ది నిమిషాల్లోనే కాటన్ రాట్ రక్తంలోని పిల్ల పురుగులు లివర్‌లోకి చేరి అక్కడ చిక్కుకుంటున్నాయి. శరీరపు కాపలా కణాలు వాటిని చుట్టుముట్టి అరిగించివేస్తున్నాయి. చంపేది మందు కాదు, శరీరంలోని రోగనిరోధక శక్తి. అంతదాకా ఆ శక్తికి చిక్కకుండా తప్పించుకు తిరిగిన దొంగను మందు పట్టి అప్పగిస్తుందన్నమాట.

రేపల్లెలో నాకు నిత్యం ఎదురైన చిక్కు ఇక్కడే అర్థమైంది. రక్తంలో పురుగు కనపడినవారికి పన్నెండు రోజులు వరసగా మాత్రలు ఇచ్చేవాళ్లం. మొదటి రోజో రెండో రోజో కొందరికి చలిజ్వరం, తలనొప్పి, ఒళ్లు దురద. మర్నాడు పోతే గుమ్మంలోనే గొడవ. నిక్షేపంలా ఉన్న పిల్లవాడికి జబ్బు తెచ్చిపెట్టావు బాబూ అని ముసలమ్మలు శాపనార్థాలు పెట్టేవారు. మాత్రలు మురుగు కాలువలో తేలుతూ కనపడేవి. ఆ కాలువలోనే దోమ పెరుగుతుంది, చూడండి. పురుగు లేనివాడు ఆ మాత్ర మింగితే దాదాపు ఏమీ కాదు. పురుగులు ఎక్కువగా ఉన్నవాడికే జ్వరం ఎక్కువ. చచ్చే పురుగుల మీద శరీరం చేసే యుద్ధపు వేడి అది. నాకు ఒక పెద్ద డాక్టరు గారు ఈ ఎలుకల సంగతి విడమరచి చెప్పాక, నేను ఇంటింటికీ వెళ్లి జ్వరం వస్తే మందు పట్టినట్టే అమ్మా, రెండు రోజుల్లో తగ్గుతుంది, మానవద్దు అని ముందుగానే చెప్పడం మొదలుపెట్టాను. అందరూ విన్నారని చెప్పను. బాపట్లలో ఒక వీధిలో మాత్రం జ్వరం వచ్చిన వాళ్లే పక్కింటివారికి నచ్చజెప్పేదాకా వచ్చింది.

ఈ యుద్ధపు వేడి ప్రమాదం కూడా కావచ్చు. గుండెలో పురుగులున్న కుక్కకు, రక్తంలో పిల్లలు ఎక్కువగా ఉన్నప్పుడు ఈ మందిస్తే ప్రాణం మీదకు రావచ్చని పశువైద్యులు హెచ్చరిస్తారు. ఆఫ్రికాలో కంటికి చేటు చేసే ఇంకో రకం ఫైలేరియా ఉన్నచోట ఈ మాత్ర పంచరు. మన దగ్గరి పురుగుకు ఆ భయం అంతగా లేదు. ఇంకో పరిమితి కూడా జంతువుల్లో తొలినాళ్లలోనే కనపడింది. పిల్ల పురుగులు పోయినా, పెద్ద పురుగులు చాలావరకు మిగిలేవి. మనిషిలో పెద్ద పురుగులు కొన్ని చస్తాయి, అన్నీ కాదు. ఒకసారి ఏనుగు పాదంలా వాచిన కాలును ఈ మాత్ర మామూలు చేయదు. ఆ కాలుకు రోజూ సబ్బునీళ్లతో కడిగి, వేళ్ల సందుల్లో తడి లేకుండా తుడవడమే ముఖ్యమైన చికిత్స. మన పెన్షనర్లలో ఇప్పటికీ ఆ బాధ పడుతున్నవారు కొందరున్నారు, వారి కోసం ఈ మాట రాస్తున్నాను.

ఎలుకలను, కుక్కలను అలా పరీక్షించడం న్యాయమా అని మా మనవరాలు అడిగింది. తేలికైన ప్రశ్న కాదు. సన్యాసి కావాలనుకున్న మనిషి చేతుల మీదుగా ఎన్ని మూగజీవాలు పోయాయో! నాకు తోచింది ఒక్కటే. గాజు గిన్నె చెప్పలేని నిజం వాటి ప్రాణం చెప్పింది. ఆ ఖర్చును మరిచిపోకూడదు. అనవసరంగా చేయకూడదు.

మన పాఠకులకు నచ్చే ఒక ముచ్చట కూడా చెప్పాలి. బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్ర ఆచార్యుడు డెబ్బై దాటాక విశ్వవిద్యాలయంలో రిటైరయ్యారు. ఆయనను లెడర్లీలోకి తీసుకుని మట్టి నమూనాల్లో మందులు వెతికే పని అప్పగించారు. ఆ పెన్షనరు గారు 1945లో ఒక బంగారు రంగు సూక్ష్మజీవిని పట్టారు. జంతువుల మీద, ఆపైన రోగుల మీద చూశాక 1948లో ఆరియోమైసిన్ పేరుతో ప్రకటించారు. టెట్రాసైక్లిన్ కుటుంబానికి అదే పెద్దబిడ్డ. 1994లో సూరత్‌లో ప్లేగు భయం పుట్టినప్పుడు జనం మందుల షాపుల ముందు బారులు తీరింది ఆ కుటుంబపు గొట్టాల కోసమే.

ఆరియోమైసిన్ లోకానికి తెలిసిన కొద్ది రోజులకే, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండె ఆగి పోయారు. యాభై మూడేళ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలేదు. మనకు స్వాతంత్ర్యం వచ్చి ఇంకా ఏడాది కూడా పూర్తిగా నిండలేదు. ఆయన మందు మాత్రం ఇంటికి వచ్చింది. 1955లో మన ప్రభుత్వం జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం ప్రారంభించినప్పుడు చేతిలో ఉన్న ఆయుధం అదే. 2004 నుంచి ఏడాదికోసారి ఊరందరికీ, పురుగు ఉన్నా లేకున్నా, మాత్రలు మింగించే పద్ధతి దేశమంతా చేపట్టారు. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి ఇవ్వరు. 2018 నుంచి కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్, ఆల్బెండజోల్ కూడా దానికి జతచేసి మూడు మందులు కలిపి ఇస్తున్నారు. ఇన్నేళ్లయినా ఆ మూడింటిలో ఇది ఒకటిగా నిలిచే ఉంది.

ఇది ఎలా పనిచేస్తుందన్న ప్రశ్న కూడా ముగియలేదు. 2005లో లివర్‌పూల్ శాస్త్రజ్ఞులు, నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఒక ఎంజైము లేని ఎలుకలను తీసుకుని వాటి మీద ఈ మందు చూశారు. ఆ ఎలుకల్లో మందు పనిచేయలేదు. శరీరం తోడు లేనిదే మాత్రకు బలం లేదన్న హాకింగ్ నాటి మాట ఇంకోసారి రుజువైంది.

1995లో శతజయంతికి మన తపాలా శాఖ సుబ్బారావు గారి స్టాంపు వేసింది. ఆయన పుట్టిన భీమవరం 2022 ఏప్రిల్‌లో పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రమైంది. అదే రోజు బాపట్ల కూడా జిల్లా అయి రేపల్లెను తనలో కలుపుకుంది, తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. లెడర్లీలో ఆయన దగ్గర పనిచేసిన వాతావరణంలోంచి వచ్చిన హెసెల్టైన్ అనే శాస్త్రవేత్త 1953లో ఒక కొత్త బూజుకు సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టాడు. అది దొరికింది మురుగునీటిని శుభ్రపరిచే చోట.